తంబురా ఊగుతోందిరా

“తంబురా ఊగుతోందిరా” అంది అమ్మ, హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుంటూ.

ఊగడమేమిటి? అది ఎలక్ట్రానిక్ తంబురా. తీగలు లేవు, బిరడాలు లేవు, ఎండకు వదులయ్యేది ఏమీ లేదు. ఐదు శ్రుతికి తిప్పి పెడితే కరెంటు ఉన్నంతసేపూ అక్కడే మోగుతుంది. ఆ మాటే అన్నాను. అమ్మ వాదించలేదు. వేళ్లతో తొడ మీద గబగబా తట్టి చూపించింది. “ఇదిగో, ఇంత వేగంగా. పైకీ కిందకీ. నీకు వినపడట్లేదూ?”

నాకు వినపడలేదు. ఆ తర్వాత దాదాపు నెల రోజులు మా ఇంట్లో ఇదే వరస. అమ్మకు ఏదో వినపడుతుంది, నేను తెర మీద గీతలు చూసి అంతా బాగుందంటాను, రెండు రోజులు కుస్తీ పట్టాక అమ్మ అన్నదే నిజమని తేలుతుంది.

అసలు ఈ పని ఎందుకు నెత్తికెత్తుకున్నామో చెప్పాలి. మా అక్క పిల్లలిద్దరూ అమెరికాలో పెరుగుతున్నారు. శని, ఆదివారాల్లో వీడియో కాల్ పెట్టుకుని అమ్మ దగ్గర పాట నేర్చుకుంటారు. కాల్‌లో ఒక చిక్కుంది. ఫ్యాన్ హోరు, ఏసీ హోరు లాంటి ఆగకుండా మోగే శబ్దాలను ఆ యాప్‌లు నాయిస్ కింద లెక్కగట్టి చెరిపేస్తాయి. తంబురా కూడా ఆగకుండా మోగేదే కదా, దాన్నీ తుడిచేస్తాయి. శ్రుతి వినపడని పిల్లలకు పాఠం ఏం చెప్పను అని అమ్మ గొడవ. సరే, కీర్తనలన్నీ ఇంట్లోనే తీరిగ్గా రికార్డు చేద్దాం, తాళం వేసే చెయ్యి కనపడేలా వీడియో కూడా తీద్దాం, మృదంగానికి తెనాలి నుంచి మావయ్య వస్తాడు అనుకున్నాం. మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న పెట్టె, రెండు ఇన్‌పుట్‌లున్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు కొన్నాను. ల్యాప్‌టాప్ పాతదే ఉంది. వీడియోకి ఫోను. విజయవాడలో మే నెల, మా ముందు గది, తలుపులకు దుప్పట్లు. ఇదీ మా స్టూడియో.

మొదటి పది నిమిషాలు మైకు అసలు పలకనే లేదు. కండెన్సర్ మైకుకి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టులు అందాలి, దానికో బటన్ ఉంటుంది, నేను నొక్కలేదు. అది చిన్న సంగతి. అమ్మ మైకు ఒకటో ఇన్‌పుట్‌లోకి, తంబురా హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక వైరు రెండో ఇన్‌పుట్‌లోకి కలిపి, మొదటి టేక్ తీసి వినిపిస్తే వచ్చిన తీర్పు పైన చెప్పింది.

ఆ రాత్రి తంబురా చానల్ ఒక్కటే పెట్టుకుని వాల్యూమ్ పెంచి విన్నాను. అడుగున సన్నగా ‘జీ’ అని ఒక మోత. తంబురా ఆపేసినా ఆ మోత ఆగలేదు. ఏ స్వరస్థానంలో ఎంత శబ్దం ఉందో చూపించే గ్రాఫ్ తెరిస్తే 50 దగ్గర, 100 దగ్గర, 150 దగ్గర, 200 దగ్గర ముళ్లు లేచినట్టు నిలబడి ఉన్నాయి. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. ఆ 50 హెర్ట్జ్, దాని గుణిజాలు. అంటే ఇంటి కరెంటు రికార్డింగ్‌లోకి దూరింది.

అప్పుడు అమ్మ తొడ మీద తట్టినది గుర్తొచ్చింది. ఐదు శ్రుతి అంటే హార్మోనియం మీద జి మెట్టు. అమ్మ ఆధార షడ్జమం, అంటే పాటకు మూలమైన ‘స’, సుమారు 196 హెర్ట్జ్. కరెంటు మోతలో నాలుగో గుణిజం 200. రెండు స్వరాలు ఒకదాని పక్కన ఒకటి ఉండి కలవకపోతే, వాటి మధ్య తేడా ఎంతో సెకనుకు అన్ని ఊపులు పుడతాయి. 200లోంచి 196 తీస్తే నాలుగు. అమ్మ సెకనుకు నాలుగు సార్లే తట్టింది! తీగల తంబురా శ్రుతి చేసేటప్పుడు ఆ ఊపు చచ్చేదాకా బిరడా తిప్పడమే కదా పని. చిన్నప్పటి నుంచి ఆ ఊపును వేటాడిన చెవి అది. తంబురా ఊగడం లేదు, తంబురాకీ విద్యుత్ శాఖకీ శ్రుతి కలవడం లేదు.

జబ్బు పేరు తెలిసినంత మాత్రాన మందు దొరకదు. వైరు మార్చాను, పోలేదు. తంబురాని గది ఆ మూలకి జరిపాను, పోలేదు. యూఎస్‌బీ తీగ వేరే రంధ్రంలో పెట్టాను, లేదు. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది. కంగారులో మూడు మార్పులు ఒకేసారి చేసి, కాస్త తగ్గినట్టుంటే దేనివల్ల తగ్గిందో తెలియక, మళ్లీ మొదటికి వచ్చేవాణ్ని. ఒక రోజు పూర్తిగా అలాగే పోయింది.

చివరికి మోత దానంతటదే ఆగింది. చూస్తే, అమ్మ ఇస్త్రీ పెట్టె కోసం నా ల్యాప్‌టాప్ ఛార్జర్ ప్లగ్గు పీకేసింది. మళ్లీ పెట్టాను, ‘జీ’ వచ్చింది. పీకాను, పోయింది. ఐదారు సార్లు పెట్టి పీకి ఖాయం చేసుకున్నాను. ఇంకో గుర్తు కూడా మొదటి నుంచీ కళ్ల ముందే ఉంది. ఛార్జింగ్‌లో ఉండగా ల్యాప్‌టాప్ రేకు మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమనేది. అందరి ల్యాప్‌టాప్‌లూ అంతేలే అనుకున్నాను.

అంతే కాదట. ఛార్జర్‌లో కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ కారుతూ ఉంటుంది. తయారీలో అది మామూలే. అది భూమిలోకి పోవడానికే ప్లగ్గుకి మూడో కాలు. ఆ దారి మూసుకుపోతే ఆ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. నా దగ్గర అది ఛార్జర్ నుంచి ల్యాప్‌టాప్‌కి, అక్కడి నుంచి యూఎస్‌బీ తీగ మీదుగా ఇంటర్‌ఫేస్‌కి, అక్కడి నుంచి తంబురా వైరు పై అల్లిక మీదుగా తంబురా అడాప్టర్‌లోకి నడిచింది. మైకు వైరుకి ఈ బెడద లేకపోవడానికీ కారణం ఉంది. మైకు వైరులో మూడు పిన్నులుంటాయి: ఒకటి ఎర్త్, మిగతా రెండింటిలో ఒకే శబ్దం ఒకటి తిన్నగా, ఒకటి తలకిందులుగా వెళుతుంది. అవతల ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే దారిలో చొరబడ్డ మోత రద్దైపోతుంది. తంబురా వైరు మామూలు రెండు దారుల వైరు. దానిలో చొరబడ్డదేదైనా పాటలో భాగమే.

ఎలక్ట్రీషియన్ను పిలిచాను. పెద్దాయన, ఎప్పుడో మా పక్కింటికి వైరింగ్ చేసినాయన. హోల్డరులో బిగించిన ఒక బల్బు, దానికి రెండు వైర్లు, ఇంతే పట్టుకొచ్చాడు. సాకెట్లో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య వైర్లు పెడితే బల్బు వెలిగింది. ఫేజుకీ పై కన్నానికీ మధ్య పెడితే వెలగలేదు. “పై కన్నం ఉత్తుత్తిదే బాబూ” అన్నాడు. బోర్డు విప్పితే నిజంగానే ఎర్త్ పిన్నుకి వైరే లేదు. ముప్పై ఏళ్లుగా ఆ గదిలో మూడు కాళ్ల ప్లగ్గులన్నీ రెండు కాళ్ల మీదే నిలబడ్డాయన్నమాట. పెరట్లో ఎర్త్ గుంత మాత్రం ఉంది. దాని దాకా ఆకుపచ్చ వైరు లాగి, గుంతలో రెండు బిందెల నీళ్లు పోయించి, “ఎండాకాలం వారానికోసారి పోయండి” అని చెప్పి వెళ్లాడు. రేకు జివ్వుమనడం ఆగింది, మోత చాలావరకు పడిపోయింది. మిగిలిన పిసరంతా తంబురాని బ్యాటరీల మీద నడిపితే పోయింది.

ఒక మాట. మోత పోవాలంటే ప్లగ్గు మూడో కాలు విరిచెయ్యి, దానికి టేపు చుట్టు అని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. ఒక్కోసారి మోత నిజంగానే పోతుంది కూడా. లోపల ఏదైనా వైరు ఊడి రేకుకి తగిలిన రోజున ఆ కరెంటు పాడేవాళ్ల గుండా పోతుంది. నేనైతే ఆ పని ఎవరినీ చెయ్యనివ్వను.

అంతటితో అయిందనుకున్నాను. మర్నాడు అమ్మ పాడుతుంటే మళ్లీ వచ్చింది, ఈసారి మైకు చానల్లో, ‘జీ’ కాదు, ‘జర్ర్’ అని గీరినట్టు. ఇది త్వరగానే దొరికింది. ఫ్యాన్ వేగం తగ్గిస్తే మోత పెరుగుతుంది, పూర్తిగా పెంచితే పోతుంది. గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు కరెంటు అలను మధ్యలో కోసి కోసి పంపుతుంది, ఆ కోత శబ్దం వైర్ల నుంచి గాల్లోకి పోతుంది. మెట్లుమెట్లుగా తిరిగే రకం మార్చుకుంటే సరిపోతుంది. కానీ ఫ్యాన్ పూర్తి వేగంతో తిరిగితే ఆ గాలి హోరే మైకులో నిండుతుంది. కాబట్టి రెగ్యులేటరు ఏదైనా ఫ్యాన్ ఆపక తప్పదు. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, ఫ్యాన్ ఆపి పాడమని అరవై ఏడేళ్ల మనిషిని ఎలా అడగను? “తెల్లారి ఐదింటికి పాడతాను, అది సాధకం వేళ కదా” అంది. ఇక అన్ని టేకులూ ఐదింటికే. ఈ ఐదింటి ముహూర్తం తర్వాత ఇంకో తలనొప్పి తెచ్చింది, దాని దగ్గరికి వస్తాను. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే మాత్రం ఏ వేళైనా రికార్డింగ్ పెట్టుకోలేదు. మాది అల నున్నగా ఇచ్చే రకం కాదు, ఇంట్లో ప్రతి వస్తువూ గొణుగుతుంది.

శుభ్రమైన మొదటి టేక్ వచ్చింది. ఎనిమిది నిమిషాల కీర్తన. ల్యాప్‌టాప్‌లో విన్నాం, అమ్మ తలూపింది. ఫైలు చేసి అక్కకి పంపాను. సాయంత్రం అదే ఫైలు అమ్మ తన ఫోన్లో విని వంటింట్లోంచి పిలిచింది.

“ఇది నేను కాదురా.”

“నువ్వేనమ్మా, పొద్దున పాడావుగా.”

“నేను ఐదులో పాడాను. ఇది ఐదున్నర దాటింది, ఆరు అందలేదు. గొంతు కూడా చిన్నపిల్ల గొంతులా ఉంది.”

ఐదున్నర అంటే ఐదు పక్కనున్న నల్ల మెట్టు, ఆరు దాని తర్వాతి తెల్ల మెట్టు. ఐదున్నరకీ ఆరుకీ మధ్య! అలాంటి శ్రుతి ఏ హార్మోనియంలోనూ లేదు. సరిగ్గా అదే ఆధారమైంది. మనుషులు శ్రుతి మారిస్తే మెట్టు నుంచి మెట్టుకి వెళతారు, మెట్ల మధ్య నిలబడేది యంత్రం ఒక్కటే. ఫైలు నిడివి చూశాను: 7 నిమిషాల 21 సెకన్లు. ఫోన్ వీడియోలో అదే పాట 8 నిమిషాలు. 480 సెకన్లు 441 అయ్యాయి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే, ఆడియోతో కాస్త పరిచయం ఉన్నవాళ్లకి కారణం వెంటనే తట్టాలి. నాకు మాత్రం అరగంట పట్టింది. 48,000, 44,100.

డిజిటల్ రికార్డింగ్ అంటే శబ్దాన్ని సెకనుకు ఇన్ని వేల ముక్కలుగా తరగడం. సీడీల కాలం నుంచి పాటలకు 44,100 ముక్కలు, వీడియోలకు 48,000 ముక్కలు అలవాటు. వీడియో చేస్తున్నాం కదా అని నేను సాఫ్ట్‌వేర్‌లో 48 పెట్టాను. ఇంటర్‌ఫేస్‌కి ఉన్న సొంత సెట్టింగ్స్‌లో మాత్రం అంతకు ముందు ఏదో పాత ఫైలు కోసం పెట్టిన 44.1 అలాగే బిగిసి ఉంది. అది సెకనుకు 44,100 ముక్కలు తరిగి ఇస్తే, సాఫ్ట్‌వేర్ వాటిని 48,000 లెక్కన రాసుకుంది. ఇంట్లో వింటే తెలియదు, ఎందుకంటే వినిపించేది కూడా అదే తప్పు గడియారం, రెండు తప్పులూ కలిసి ఒప్పవుతాయి. ఫోన్ గడియారం సరైనది కాబట్టి అక్కడ బయటపడింది. సుమారు ఒకటిన్నర మెట్టు, అంటే ఐదు నుంచి ఐదున్నర దాటి ఆరుకి సగం దారి. అమ్మ లెక్క గీత కూడా తప్పలేదు.

బాగుపడటం తేలికే. మళ్లీ పాడాల్సిన పని లేదు, ముక్కలన్నీ భద్రంగా ఉన్నాయి, వాటి మీద రాసిన లేబులే తప్పు. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మెనూలో రేటు 44,100 అని మార్చగానే అమ్మ మళ్లీ అమ్మ అయింది. అప్పటి నుంచి రికార్డింగ్ మొదలుపెట్టే ముందు రెండు చోట్లా 48 ఉందో లేదో చూసి గాని ఎర్ర బటన్ నొక్కను.

జూన్ మొదట్లో మావయ్య వచ్చాడు. మాకున్నవి రెండే ఇన్‌పుట్‌లు. మృదంగానికి రెండు వైపులా రెండు మైకులు కావాలి, అందుకని రెండోది ఆయన స్నేహితుల దగ్గర అడిగి తెచ్చాడు. అమ్మ పాటను హెడ్‌ఫోన్స్‌లో వింటూ విడిగా వాయించాలి. నలభై ఏళ్లుగా పక్కన కూర్చున్న మనిషి ముఖం చూసి వాయించిన ఆయనకు అదే పెద్ద శిక్ష. పైగా తన బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ తెచ్చుకున్నాడు. వాటిలో శబ్దం చెవికి చేరేసరికే సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ గడిచిపోతుంది. అవి పక్కన పెట్టించి వైరువి ఇచ్చాను.

అయినా నాలుగు ఆవర్తాలు, అంటే తాళం నాలుగు చుట్లు, వాయించి ఆపేశాడు. “ఒరేయ్ అల్లుడూ, నా వెనకాల ఎవడో కూర్చుని నాలాగే వాయిస్తున్నాడు. వాణ్ని లేపు.”

తన దెబ్బ తనకే ఆలస్యంగా వినపడుతోంది. మైకులో పడ్డ శబ్దం కంప్యూటర్లోకి వెళ్లి, హెడ్‌ఫోన్స్‌కి తిరిగి రావాలి. కంప్యూటర్ ముక్కల్ని ఒక్కొక్కటీ పట్టుకోదు, గంపలో పోగేసి గంపల లెక్కన మోస్తుంది. ఆ గంపే బఫర్. నాది 1024 ముక్కల గంప. 48,000 లెక్కన పోనూ 21 మిల్లీసెకన్లు, రానూ 21, మొత్తం 42 పైచిలుకు. అంతేనా అనిపిస్తుంది. ఆ కీర్తన నిమిషానికి 80 అక్షరాల నడకలో ఉంది, అక్షరమంటే తాళంలో ఒక లెక్క. అక్షరానికి నాలుగు దెబ్బలు వేస్తే దెబ్బకీ దెబ్బకీ మధ్య 187 మిల్లీసెకన్లు. అందులో దాదాపు నాలుగో వంతు ఆలస్యం. ఆయనకు వినపడకుండా ఎలా ఉంటుంది?

గంపను 64కి తగ్గించాను. ఆలస్యం పోయింది, బదులుగా నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు పటపటలు మొదలయ్యాయి. పాత ల్యాప్‌టాప్ అంత చిన్న గంపల్ని అంత వేగంగా మోయలేకపోతోంది. వైఫై ఆపి, యూఎస్‌బీ హబ్ తీసేసి ఇంటర్‌ఫేస్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి, గంప 256 చేస్తే పటపటలు తగ్గాయి. అయినా ఇదంతా అనవసరపు శ్రమే అని ఆ తర్వాత తెలిసింది. ఇంటర్‌ఫేస్ ముందు భాగంలో డైరెక్ట్ అని ఒక చిన్న మీట ఉంది. అది నొక్కితే మైకు శబ్దం కంప్యూటర్‌కి వెళ్లి రాకుండా అక్కడికక్కడే హెడ్‌ఫోన్స్‌లోకి మళ్లుతుంది. సాఫ్ట్‌వేర్‌లో వినిపించేది ఆపేసి ఆ మీట నొక్కాను. “హమ్మయ్య, లేచి పోయాడు” అన్నాడు మావయ్య.

వాయించేటప్పుడు సరిగ్గా వినపడింది కదా, రికార్డయ్యాక వింటే మృదంగం పాటకి ఒక పిసరు వెనక పడుతున్నట్టే ఉంది. అనుమానం తీరక, ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి నేరుగా ఒక వైరు కలిపి, సాఫ్ట్‌వేర్‌లో ఒక టిక్కు శబ్దం వాయించి దాన్నే మళ్లీ రికార్డు చేశాను. రెండు టిక్కులూ ఒకే చోట పడాలి. రెండోది 312 ముక్కలు వెనక పడింది, అంటే ఆరున్నర మిల్లీసెకన్లు. ఎంత దూరం అది? గాల్లో శబ్దం ఒక అడుగు నడవడానికి ఒక మిల్లీసెకనుకి కాస్త తక్కువ పడుతుంది. కాబట్టి మావయ్య అమ్మకి ఏడడుగుల దూరంలో కూర్చున్నట్టు. కచేరీలో అంతకంటే దూరంగానే కూర్చున్న సందర్భాలుంటాయి, నిజానికి వదిలేయొచ్చు. నేను వదలలేదు. ఈ ఆలస్యాన్ని ఎంత వెనక్కి లాగాలో రాసుకునే గడి సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. ఆడాసిటీలో అది ముందే మైనస్ 130 మిల్లీసెకన్లుగా ఇచ్చి ఉంటారు, అందరి యంత్రాలకూ ఒక అందాజా అంతే. ఎవరిది వాళ్లు వైరు కలిపి కొలుచుకోవాల్సిందే.

మృదంగానిదే ఇంకో విచిత్రం. కుడి మైకు ఒక్కటే వింటే నిండుగా ఉంది. ఎడమ మైకు ఒక్కటే వింటే తొప్పి, అంటే మృదంగం ఎడమ మూత, గుమ్మని మోగుతోంది. రెండూ కలిపితే తొప్పి గుమకం మాయం, రేకు డబ్బా వాయించినట్టుంది. మావయ్య పాపం తన వాయిద్యాన్నే అనుమానించాడు. గుమకం కోసం తొప్పి మధ్యలో తడి రవ్వ ముద్ద అంటిస్తారు. “రవ్వ ముద్ద తక్కువైందేమోరా” అని తొప్పికి ఇంకాస్త బొంబాయి రవ్వ పట్టించాడు. నేను వైరును అనుమానించాను. అరువు మైకుతో వచ్చిన వైరు ఎవరో చేత్తో సోల్డరింగ్ చేసినది, రెండో పిన్నూ మూడో పిన్నూ తారుమారయ్యాయేమోనని. మల్టీమీటరు పెట్టి చూస్తే ఒకటికి ఒకటి, రెండుకి రెండు, మూడుకి మూడు, అన్నీ కూతపెట్టాయి. వైరు నిర్దోషి.

రవ్వా నిర్దోషే. మృదంగం అంటే రెండు మూతల మధ్య బిగించిన గాలి. ఒక మూత మీద కొడితే అది లోపలికి పోతుంది, లోపలి గాలి రెండో మూతను బయటికి తోస్తుంది. అంటే ఒక మైకు నుంచి మూత దూరం జరుగుతున్న క్షణానే ఇంకో మైకు వైపు మూత దగ్గరికి వస్తోంది. తెర మీద బాగా పెద్దది చేసి చూస్తే ఒక చానల్లో అల పైకి లేచిన చోట ఇంకో చానల్లో కిందకి దిగి ఉంది. రెండూ కలిపితే మంద్రంలో ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. ఒక చానల్‌ని తలకిందులు చేసే బటన్ ఒకటి ఉంటుంది, సున్నాకి అడ్డగీత కొట్టిన గుర్తుతో. నొక్కగానే తొప్పి తిరిగొచ్చింది. మావయ్య మాత్రం రవ్వ వల్లే వచ్చిందని ఇప్పటికీ అంటాడు.

ఇక ఐదింటి ముహూర్తం తెచ్చిన తలనొప్పి. ఒక పొద్దున అమ్మ ఐదు కీర్తనలు వరసగా పాడింది, నలభై నిమిషాలు, ఫోను ఆపకుండా తీసింది. బొమ్మనూ శబ్దాన్నీ కలపడానికి సినిమావాళ్లలా క్లాప్ కొట్టాలా అనుకున్నాను. అవసరం లేదు, ఆది తాళం వేస్తోంది కదా. దాని భాగాలైన లఘువు మొదటి దెబ్బ, రెండు ద్రుతాల దెబ్బలు, ప్రతి ఆవర్తంలో మూడు క్లాపులు ఉచితం. మొదటి దెబ్బ దగ్గర చెయ్యీ శబ్దమూ కలిపాను. పదో నిమిషానికి బాగానే ఉంది. చివరికి వచ్చేసరికి శబ్దం వచ్చేసిన తర్వాత చెయ్యి తొడ మీద పడుతోంది. పిల్లలు దీన్ని చూసి తాళం నేర్చుకుంటే ఇంకేమైనా ఉందా!

ఇలాంటి చోట ముందు తేల్చుకోవాల్సింది ఒకటే, తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉందా, పోనుపోను పెరుగుతోందా అని. ఒకేలా ఉంటే మొత్తం జరిపితే చాలు. నాది పెరిగే రకం. ఫోన్ ఫైలు వివరాలు చూస్తే సెకనుకు 30 బొమ్మలు తీయాల్సింది ఒక్కోచోట 24కి దిగిపోయింది. తెల్లవారుజామున వెలుతురు చాలక, ఒక్కో బొమ్మకీ ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచి ఫోనే లెక్క తగ్గించుకుంది. ఆ ఎగుడుదిగుడును ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సరిగా పట్టుకోలేదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, అన్నిచోట్లా 30 బొమ్మలే ఉండేలా మార్చాక పెద్ద తేడా పోయింది. తర్వాతి రోజు నుంచి రెండు ట్యూబ్‌లైట్లు వేసి తీశాం.

అయినా నలభయ్యో నిమిషంలో 96 మిల్లీసెకన్లు మిగిలింది, దాదాపు మూడు బొమ్మలు. ఈసారి తప్పు ఎవరిదీ కాదు. ఫోన్లో ఒక గడియారం, ఇంటర్‌ఫేస్‌లో ఒక గడియారం. రెండూ స్ఫటికాల మీద నడిచేవే, ఏ రెండు స్ఫటికాలూ అచ్చు ఒకేలా కొట్టుకోవు. 2,400 సెకన్లలో 96 మిల్లీసెకన్లంటే పది లక్షలకు నలభై. మామూలు గడియారంలో రోజుకి మూడున్నర సెకన్ల తేడా, చేతి గడియారమైతే ఎవరూ పట్టించుకోరు. ఆడియోను ఆ మేరకు సాగదీసే వీలుంది, కానీ అమ్మ పాటను సాగదీయడం నాకు ఇష్టం లేకపోయింది. ప్రతి కీర్తన మొదట్లో వీడియోను కోసి, తొలి తాళం దెబ్బ దగ్గర మళ్లీ కలిపాను. ఎనిమిది నిమిషాల్లో తేడా 20 మిల్లీసెకన్లు దాటదు, ఒక్క బొమ్మ అంత కూడా కాదు.

అన్నీ కలిపిన మొదటి వీడియోను జూన్ చివర్లో అమ్మకి చూపించాను. తంబురా నిలకడగా ఉంది, ఐదులోనే ఉంది, మృదంగం గుమ్మంటోంది, చెయ్యీ దెబ్బా కలిశాయి. అమ్మ కళ్లు మూసుకుని విని, చరణం దగ్గర చెయ్యెత్తి ఆపమంది.

“ఇక్కడ మళ్లీ తేడా ఉంది.”

నాకు గుండె జారింది. బఫరా, గడియారమా, వైరా అని అప్పుడే లెక్కలు మొదలుపెట్టాను.

“చరణం ఎత్తుగడ అర అక్షరం ముందే అందుకున్నాను. తమ్ముడు సర్దుకుని నన్ను కాచాడు, విను.”

నమ్మకం కుదరక తాళం దెబ్బల మీద గీతలు గీసి కొలిచాను. అర అక్షరమే.

“రేపు ఐదింటికి ఇంకోసారి పాడతాను. గుంతలో నీళ్లు పోశావా?” అంది.